మోస్ట్ వాంటెడ్‌లో అన్నిటికన్నా వేగమైన కారు ఏది?

మీ ప్రశ్న ఇది: 2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ అనే కార్ల పందేల వీడియో గేమ్‌లో, బ్లాక్‌లిస్టు (ఒక్కొక్కరినీ ఓడిస్తూ పైకి వెళ్లాల్సిన ప్రత్యర్థుల జాబితా) 6వ స్థానం దగ్గర, అంటే మింగ్ దగ్గర, ఆగిపోయారు. గ్యారేజీలో అదే జాబితాలోని ఎర్ల్ నుంచి గెలుచుకున్న లాన్సర్ ఎవల్యూషన్ ఉంది. చేతిలో డబ్బు బాగానే చేరింది. మొత్తం పెట్టి ఆటలో అన్నిటికన్నా వేగమైన కారు కొందామనుకుంటున్నారు.

నా జవాబు: ఇప్పుడు ఏదీ కొనకండి. ఆ డబ్బు లాన్సర్ మీద పెట్టండి, దానితోనే మింగ్‌ని ఓడించండి, అతని లంబోర్గిని గల్లార్డోని తీసుకోండి. చివరి మెట్లకు వచ్చాక ఇంకా మోజు తీరకపోతే పోర్షే కరేరా జీటీ కొనండి. ఎందుకన్నది చెబుతాను, కొంచెం పొడవుగానే చెబుతాను. 2012లో ఇదే పేరుతో వచ్చిన ఆట పూర్తిగా వేరు, ఈ లెక్కలు దానికి వర్తించవు.

ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్‌లో ఈ ఆట ఆడని గది ఉండేది కాదు. కంప్యూటర్లను కేబుళ్లతో కలిపి పందేలు వేసుకునేవాళ్లం. "ఏ కారు వేగం?" అన్న వాదన అక్కడ సినిమా హీరోల వాదనంత తీవ్రంగా నడిచేది. నేను మాత్రం దాన్ని వాదనగా వదలకుండా పరీక్షించి చూసేవాడిని. దానికి ఆటలోనే ఒక సదుపాయం ఉంది. కెరీర్ (కథ నడిచే భాగం) నుంచి బయటికి వచ్చి, విడిగా పందెం పెట్టుకునే చోట క్యాచప్ అని ఒకటి కనిపిస్తుంది. దాన్ని ఆపేసి, ట్రాఫిక్ తీసేసి, ఒకే దారిలో వేర్వేరు కార్లు నడిపి చూడండి. కార్ల మధ్య అసలు తేడా అప్పుడే తెలుస్తుంది.

కెరీర్‌లో ఆ క్యాచప్ ఎప్పుడూ మీ వెంటే ఉంటుంది. మీరు ముందుకు దూసుకుపోతే వెనకున్నవాళ్లకు ఎక్కడలేని ఊపు వస్తుంది, మీరు గోడకు గుద్దుకుని వెనకబడితే ముందున్నవాళ్లు మీ కోసం ఆగినట్టు నెమ్మదిస్తారు. అందువల్ల గంటకు ఇరవై ముప్పై కిలోమీటర్ల టాప్ స్పీడ్ ఎక్కువ ఉన్న కారు కొన్నంత మాత్రాన అంత దూరం ముందుండరు. పందెంలో మొదటి మూడు వంతులు దాదాపు నాటకమే. తేలేది చివరి వంతులో: అక్కడ తప్పు చేయకుండా, నైట్రస్‌ను (కాసేపు అదనపు ఊపునిచ్చే గ్యాసు) సరిగ్గా వాడుకుంటూ, మలుపుల్లో వేగం పోగొట్టుకోకుండా ఎవరు వస్తే వాళ్లే గెలుస్తారు. మింగ్ దగ్గర మీరు ఓడిపోతున్నది కూడా అక్కడేనని నా అనుమానం.

కార్ల దుకాణంలో టాప్ స్పీడ్, హ్యాండ్లింగ్, యాక్సిలరేషన్ అని మూడు గీతలు చూపిస్తారు. అందరి కళ్లూ మొదటి గీత మీదే పడతాయి. నేను చూసేది మిగతా రెండింటిని. ఆట నడిచే రాక్‌పోర్ట్ నగరం తీరు అలాంటిది. రోజ్‌వుడ్ వైపు కొండదారులు, గోల్ఫ్ మైదానం చుట్టూ తిరిగే రోడ్లు. కామ్డెన్ బీచ్ వైపు రేవు, గోదాములు, సందులు. డౌన్‌టౌన్‌లో లంబకోణంలో తిరిగే కూడళ్లు. హైవే ఎక్కినప్పుడు తప్ప టాప్ స్పీడ్ గీత మొత్తాన్ని వాడుకునే అవకాశం ఎక్కడుంది? మలుపు దగ్గర వందకు తగ్గి, మళ్లీ వెంటనే నూట యాభై చేరే కారు, హైవే మీద మాత్రమే చెలరేగే కారు కన్నా ముందు ఇంటికి చేరుతుంది.

ఇక ఒక్కొక్క కారు సంగతి. ఇవన్నీ నా చేతికి ఎలా అనిపించాయో ఆ లెక్కలో చెబుతున్నవి, మీ చేతికి కాస్త తేడా ఉండవచ్చు.

మొదట్లో దొరికేవాటిలో ఫియట్ పుంటో ముద్దుగా ఉంటుంది, అంతే. షెవ్రొలే కోబాల్ట్ ఎస్‌ఎస్‌ని చాలామంది తక్కువగా చూస్తారు కానీ, భాగాలు మారుస్తూ పోతే చాలా దూరం లాక్కొస్తుంది. మొదటి కారుగా ఎవరడిగినా నేను దాన్నే చెబుతాను. గోల్ఫ్ జీటీఐ కూడా నమ్మదగినదే, మలుపుల్లో దాని మర్యాద చాలా పెద్ద కార్లకు లేదు. లెక్సస్ ఐఎస్300 నాకెప్పుడూ రుచించలేదు.

మీ దగ్గరున్న లాన్సర్ ఎవల్యూషన్ 8 మధ్య మెట్లకు రాజు. నిజం కారులోనూ 2 లీటర్ల టర్బో ఇంజనే, నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ఆటలోనూ అదే గుణం కనిపిస్తుంది: బయలుదేరేటప్పుడు చక్రాలు ఊరికే తిరిగి కాలం వృథా కాదు, మలుపు మధ్యలో యాక్సిలరేటర్ నొక్కినా తోక జారదు. లోటు ఒక్కటే, హైవే మీద చివరి పరుగులో ఊపిరి చాలదు. ఆ లోటును నైట్రస్‌తో పూడ్చవచ్చు. ఈ ఆటలో నైట్రస్ కొనుక్కుని అయిపోగొట్టుకునే వస్తువు కాదు, వేగంగా నడుపుతున్నంతసేపూ తిరిగి నిండుతూ ఉంటుంది. కాబట్టి దాన్ని చివరిదాకా దాచడం కన్నా, మలుపు నుంచి బయటపడిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా వాడటం లాభం. ట్యాంకు నిండుగా ఉండి వాడకపోతే నిండవలసినది నిండకుండా పోయినట్టే.

గల్లార్డోను ఎందుకంత మెచ్చుకుంటున్నానంటే, లాన్సర్‌లోని ఆ నిలకడకు వీ10 (పది సిలిండర్ల) ఇంజను తోడైన కారు అది. అదీ నాలుగు చక్రాల బండే. మింగ్‌ని ఓడించాక ఆట మీ ముందు ఆరు గుర్తులు పెట్టి రెండు ఎంచుకోమంటుంది. మూడింటిలో ఏముందో కనిపిస్తుంది, మూడు మూసి ఉంటాయి. పింక్ స్లిప్, అంటే ఓడిపోయినవాడి కారు కాగితం, మూసినవాటిలోనే ఉంటుంది. ఆ రెండు ఎంపికలనూ మూసినవాటి మీదే పెట్టండి. దొరికిన కారు వట్టిది కాదు, అప్పటికే చాలా భాగాలు బిగించి వస్తుంది. దుకాణంలో అదే గల్లార్డోను కొని ఆ స్థాయికి తెచ్చుకోవాలంటే డబ్బు నీళ్లలా పోతుంది. అదృష్టం మీద నమ్మకం లేకపోతే, పోటీకి ముందే మై డాక్యుమెంట్స్‌లో ఆట సేవ్ ఉండే ఫోల్డరును ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి. ఇది మోసమని మా గదిలో ఒకడు అనేవాడు. పోలీసుల మీదికి కారు తోలే ఆటలో నీతి గురించి వాడు చెప్పడమే వింత.

కనిపించే మూడు గుర్తుల్లో ఒకటి సాధారణంగా పనితీరు పెంచే ప్రత్యేక భాగం. ఆటగాళ్లు దీన్ని జంక్‌మ్యాన్ భాగం అంటారు. దుకాణంలో ఎంత డబ్బు పెట్టినా దొరకని స్థాయికి ఇంజనునో టర్బోనో టైర్లనో తీసుకుపోతుంది. ఒక గుర్తు ఒక కారుకే. బిగించాక ఇంకో కారుకు మార్చుకునే వీలుండదు, ఆ కారు అమ్మితే దానితోపాటే పోతుంది. ఇప్పటికే మీ దగ్గర అలాంటివి ఉంటే లాన్సర్‌కు ఖర్చు పెట్టకుండా గల్లార్డో వచ్చేదాకా ఓపిక పట్టండి. మొదట ఇంజను, తర్వాత టర్బో, ఆ తర్వాత టైర్లు: నా వరుస ఇది. బ్రేకుల మీద జంక్‌మ్యాన్ గుర్తు వాడేవాళ్లను చూశాను, వాళ్ల కారణం నాకెప్పటికీ బోధపడలేదు.

చివరి మెట్లలో కనబడే భారీ కార్ల గురించి నా అభిప్రాయాలు కొందరికి నచ్చవు. బ్లాక్‌లిస్టులో మింగ్‌కు పైన ఉన్నవాళ్ల కార్లు చూస్తే, వెబ్‌స్టర్ కోర్వెట్ సీ6 మంచి కారే, గల్లార్డో ఉన్నవాడికి దానితో పని లేదు. జేవీ వైపర్ చూడటానికి భయంకరం. నిజం కారులో 8.3 లీటర్ల వీ10 ఉంటుంది, ఆ బలం ఆటలో వెనక చక్రాల మీద పడి ప్రతి కూడలిలో తోక పక్కకు వెళ్తుంది. డ్రాగ్ పందేలకు (తిన్నని దారిలో పరుగు) తప్ప నేను దాన్ని బయటికి తీయలేదు. రానీ ఆస్టన్ మార్టిన్ డీబీ9 అందం కోసం గ్యారేజీలో ఉంచుకోవలసినది. బుల్ నడిపే మెర్సిడెస్ ఎస్‌ఎల్‌ఆర్ మెక్‌లారెన్ తిన్నని దారిలో ఏనుగు పరిగెత్తినట్టు వెళ్తుంది, మలుపులోనూ ఏనుగే. ముర్సియెలాగో, ఫోర్డ్ జీటీ రెండూ ఎంచుకోదగినవే. ముర్సియెలాగోకు స్థిరత్వం ఎక్కువ, ఫోర్డ్ జీటీకి చురుకుదనం ఎక్కువ.

కరేరా జీటీ మాత్రం ఈ గుంపులో చేరదు. పోర్షే దాన్ని 1,270 మాత్రమే తయారు చేసింది, అందులోని 5.7 లీటర్ల వీ10 ఇంజను మూలాలు పందెం కార్ల కోసం చేసిన పనిలో ఉన్నాయి. ఆటలో అన్ని భాగాలూ బిగించాక, క్యాచప్ ఆపి నేను చేసిన పరీక్షల్లో, హైవే మీద దాన్ని పట్టుకున్న కారు లేదు. వింత ఏమిటంటే మలుపుల్లోనూ అది బుద్ధిగా ఉంటుంది. ఒక్కటే షరతు. దాని వేగానికి మీ కళ్లు అలవాటు పడాలి. లాన్సర్‌లో మలుపు కనిపించాక బ్రేకు వేస్తే సరిపోతుంది, దీనిలో మలుపు కనిపించేసరికే ఆలస్యమైపోతుంది, చిన్న మ్యాపు చూస్తూ నడపాలి. స్పీడ్‌బ్రేకర్ నొక్కి కాలాన్ని నెమ్మదింపజేసి తిప్పడం అలవాటు లేనివాళ్లకు ఈ కారు గోడలే చూపిస్తుంది.

మరి ఆట అట్ట మీద ఉన్న బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్? మొదట్లో నడిపిస్తారు, రేజర్ అనే ప్రత్యర్థి లాక్కుంటాడు, అతన్ని ఓడించాకే తిరిగి వస్తుంది. కాబట్టి ఎంపికలో లెక్కలోకి రాదు. దాని శబ్దం అంత వేరుగా ఉండటానికి ఒక కారణం ఉంది. మామూలు ఎం3లో ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది, పందెం కోసం చేసిన జీటీఆర్‌లో 4 లీటర్ల వీ8 పెట్టారు. 2001లో అమెరికన్ ల మాన్ సిరీస్ పందేల్లో తన తరగతిలో అది గెలిచింది. మరుసటి ఏడాది జనానికి అమ్మవలసిన రోడ్డు కార్ల సంఖ్యపై నిబంధన బిగించేసరికి బీఎండబ్ల్యూ తప్పుకుంది.

పందెం రకాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. స్పీడ్‌ట్రాప్ పందెంలో కెమెరాల దగ్గర నమోదైన వేగాలన్నీ కూడి చూస్తారు కాబట్టి టాప్ స్పీడ్ గీత నిజంగా పనికొచ్చేది అక్కడే. కెమెరాకు కొంచెం ముందు నైట్రస్ వదలాలి, కెమెరా దాటాక కాదు. డ్రాగ్‌లో గేర్లు మీరే మార్చాలి, ట్రాఫిక్‌కు గుద్దుకుంటే అక్కడితో సరి. దానికి ఏ కారైనా ఒకటే, మీ వేలు ముఖ్యం. టోల్‌బూత్‌లో మీరొక్కరే గడియారంతో పోరాడతారు కాబట్టి క్యాచప్ బెడద లేదు, అక్కడ మంచి కారుకు పూర్తి విలువ దక్కుతుంది.

పోలీసుల కోసం మాత్రం వేగమైన కారును బయటికి తీయకండి. బౌంటీ (పోలీసులను సతాయిస్తే వచ్చే పాయింట్లు) పోగు చేయడానికి, మైలురాళ్లు (ఆట పెట్టే పోలీసు లక్ష్యాలు) పూర్తి చేయడానికి ఒక బరువైన, చవకైన కారును విడిగా ఉంచుకోండి. నేను మస్టాంగ్ జీటీని అలా పెంచాను. ఎదురుగా వచ్చి గుద్దే పెద్ద ఎస్‌యూవీలను అది తట్టుకుంటుంది, లోటస్ ఎలీజ్ లాంటిది అయితే గాలిలో తేలుతుంది. హీట్, అంటే కారు మీద పోలీసుల కన్ను ఎంతుందన్నది, ఒక్కో కారుకు విడిగా లెక్క. మస్టాంగ్ ఎంత పేరు మోసినా గల్లార్డో మీద మచ్చ పడదు. దొరికిపోతే స్ట్రైకు (కారు జప్తుకు దారితీసే లెక్క) పడేది కూడా ఆ కారుకే. హీట్ మరీ పెరిగితే రంగో బాడీ కిట్టో మార్చండి, తగ్గుతుంది.

చాలామంది ముట్టుకోనిది పాజ్ మెనూలోని పర్ఫార్మెన్స్ ట్యూనింగ్. మీ లాన్సర్‌కు ఇలా పెట్టి చూడండి: ఏరోడైనమిక్స్‌ను టాప్ స్పీడ్ వైపు కొంచెం జరపండి, దాని పట్టు ఎలాగూ మిగులుతుంది. నైట్రస్‌ను బలం వైపు కాకుండా ఎక్కువసేపు వచ్చే వైపు పెట్టండి. స్టీరింగును మీరు కీబోర్డుతో ఆడుతున్నట్టయితే పదును తగ్గించండి, లేకపోతే హైవే మీద చిన్న తాకిడికే కారు వరుస దాటుతుంది. గల్లార్డో వచ్చాక ఇవే అమరికలను దానికి మోయకండి, దానికి ఏరోడైనమిక్స్ మధ్యలోనే బాగుంటుంది.

మింగ్‌తో పోటీకి వెళ్లేముందు లాన్సర్‌కు ప్రస్తుతం తెరుచుకున్న భాగాలన్నీ కొన్నారో లేదో ఒకసారి దుకాణంలో చూడండి. బ్లాక్‌లిస్టులో పైకి వెళ్లేకొద్దీ కొత్త స్థాయిలు తెరుచుకుంటాయి, చాలామంది ఎప్పుడో కొన్న పాత ప్యాకేజీతోనే తిరుగుతుంటారు. టైర్లు, ట్రాన్స్‌మిషన్ ముందు చూడండి. అన్నీ ఉండి కూడా ఓడిపోతుంటే, ఏ రకం పందెంలో, ఎక్కడ వెనకబడుతున్నారో ఇక్కడే రాయండి.