ఢిల్లీ వెళ్లేది ఆరుగురు, అప్పు మాత్రం ఒక్కరి మీదా?

ప్రశ్న: నేను గుంటూరులో బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. ముగ్గురం కలిసి రాసిన రీసెర్చ్ పేపర్ ఏప్రిల్ మూడో వారంలో ఢిల్లీలో జరిగే కాన్ఫరెన్స్‌కు సెలెక్ట్ అయింది. ప్రెజెంట్ చేసేది నేనే. కాలేజీ అయిపోయేలోపు అందరం కలిసి వెళ్లే ఆఖరి ట్రిప్ ఇదేనని ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కూడా వస్తామన్నారు. గన్నవరం నుంచి ఫ్లైట్‌లో వెళ్లొస్తే అన్నీ కలిపి మనిషికి 24 వేలు అవుతుందని లెక్క వేశారు. మా అన్నయ్య క్రెడిట్ కార్డు మీద ఆరుగురి టిక్కెట్లూ నన్నే తీయమంటున్నారు, తర్వాత ఇచ్చేస్తారట. జీఎస్టీతో కలిపి పేపర్ రిజిస్ట్రేషన్ 8,850 రూపాయలు, మామూలుగా హాజరయ్యే విద్యార్థికి 3,540. పేపర్ ఫీజు వరకు కాలేజీ తర్వాత ఇస్తుందని సార్ చెప్పారు. స్టైపెండ్‌లో దాచుకున్న 46 వేలు నా దగ్గర ఉన్నాయి. జులైలో బెంగళూరులో ఉద్యోగంలో చేరాలి. నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. సంగతి చెప్పగానే ఆయన, అమ్మ మెడలో గొలుసు తాకట్టు పెడదామన్నారు. ఒక ఫ్రెండేమో లోన్ యాప్‌లో ఐదు నిమిషాల్లో డబ్బు వస్తుందంటోంది. వెళ్లాలా, మానేయాలా? వెళ్తే ఏ డబ్బుతో వెళ్లాలి?

- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వెళ్లండి. డిగ్రీ చేతికి రాకముందే మీ పేపర్‌ను మీరే నిలబడి చెప్పుకునే అవకాశం అందరికీ రాదు. చాలా కాన్ఫరెన్సుల్లో పేపర్ చదవడానికి ఎవరూ రాకపోతే దాన్ని ప్రచురణలోంచి తీసేస్తారు కూడా. కాబట్టి ఆరుగురిలో మీరు మాత్రం ఎలాగైనా వెళ్లాల్సిన మనిషి. డబ్బు కట్టేముందు ఒక్కటి చూసుకోండి. ఐఈఈఈ (ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ) లాంటి సంస్థ పేరు పెట్టుకున్న కాన్ఫరెన్స్ అయితే, ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని జాబితాలో దీని పేరుందో లేదో వెతకండి. ఫీజు గుంజుకోవడానికే పుట్టే కాన్ఫరెన్సులు ఈమధ్య పెరిగిపోయాయి.

ఖర్చు సంగతికి వస్తే, 24 వేలను తగ్గించుకునే దారి ఉంది, దానికి తర్వాత వస్తాను. నన్ను భయపెట్టింది ‘ఆరుగురి టిక్కెట్లూ నన్నే తీయమంటున్నారు’ అన్న మాట.

ఫ్లైట్ టిక్కెట్లకు మనిషికి 11 వేలు అనుకున్నా ఆరుగురికి 66 వేలు. అన్నయ్య కార్డు మీద గీకేశారు. నలుగురు టైముకు ఇచ్చారు, ఇద్దరు ‘ఫస్ట్ శాలరీ రాగానే పంపేస్తా’ అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, నిజంగానే చేతిలో ఉండదు. బిల్లులో 22 వేలు మిగిలిపోయాయి. వడ్డీ గడువు దాటిన రోజు నుంచే కదా పడుతుంది అనుకుంటారు చాలామంది. అలా జరగదు. గడువులోపు బిల్లు మొత్తం కట్టకపోతే వడ్డీ లేని గడువు అనే సౌకర్యమే పోతుంది. టిక్కెట్లు కొన్న రోజు నుంచి లెక్క కట్టి వడ్డీ వేస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ అదనం. ఆ తర్వాత అదే కార్డుతో మీ అన్నయ్య పాల ప్యాకెట్ కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ. నెలకు మూడు, మూడున్నర శాతం కార్డుల్లో మామూలు రేటు. ఇదంతా అన్నయ్య పేరు మీద, అన్నయ్య సిబిల్ స్కోరు (అప్పులు ఎలా తీరుస్తారో బ్యాంకులు చూసే మార్కులు) మీద. ట్రిప్పు మీది, స్నేహితులు మీ స్నేహితులు, మాట పడేది మాత్రం ఆయన.

అందుకని గ్రూపులో ఈ రోజే చెప్పేయండి: డబ్బు ముందు, టిక్కెట్ తర్వాత. ‘అందరివీ వచ్చాక బుక్ చేద్దాం’ అని పెట్టండి, ఎవరి పేరూ ఎత్తకండి. ఫలానా తేదీ దాటితే వచ్చిన వాళ్లవరకే టిక్కెట్లు తీస్తామని కూడా అందులోనే రాయండి. మొహమాటం అనిపిస్తుంది, తెలుసు. ఆ మొహమాటం ఇప్పుడు పడితే ఒక పూట ఇబ్బంది. జూన్‌లో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మూడు వేలు, నాలుగు వేలు అడుక్కోవడం మొదలైతే స్నేహాలే పోతాయి. నా దగ్గరకు వచ్చే కుర్రకారు తగాదాల్లో సగం ఇలాంటి చిల్లర బాకీలవే. పెద్ద మొత్తాలకు కాగితం రాసుకుంటారు, వీటికి ఎవరూ రాసుకోరు.

ఇప్పుడు మీ 46 వేలు. అది ట్రిప్పు డబ్బు అని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం అందులో ఎక్కువ భాగం బెంగళూరు డబ్బులా కనిపిస్తోంది. జులైలో చేరగానే పీజీ హాస్టల్‌కు అడ్వాన్స్ ఒక 10 వేలు, మొదటి నెల అద్దె ఇంకో 10 వేలు, తిండికి, బస్సులకు 6 వేలు, ప్రయాణం, ఆఫీసుకు వేసుకునే నాలుగు జతల బట్టలు కలిపి 4 వేలు వేసుకోండి. మొత్తం 30 వేలు. మీరు నెల మధ్యలో చేరితే అప్పటికే జీతాల లెక్క కట్టేసి ఉంటారు, మొదటి జీతం ఆగస్టు ఆఖరుకు గాని పడకపోవచ్చు. అప్పుడు ఈ మొత్తం కూడా చాలదు. అలాంటప్పుడే ఆ లోన్ యాప్ ఫోన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ 30 వేలూ ఈ రోజే పక్కకు తీసి ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేసేయండి, జూన్ నెలాఖరుకు చేతికొచ్చేలా. వడ్డీ పెద్దగా రాదు. యూపీఐ కొట్టడానికి వీల్లేకుండా ఉంటుంది, మనకు కావాల్సింది అదే.

అంటే ట్రిప్పుకు మీ దగ్గర ఉన్నది 16 వేలు.

ఈ 16 వేలలో ఎలా వెళ్లొచ్చో చూద్దాం. ఫ్లైట్ మర్చిపోండి. ఢిల్లీ వైపు వెళ్లే ఏపీ ఎక్స్‌ప్రెస్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్, గ్రాండ్ ట్రంక్ మూడూ విజయవాడ మీదుగానే పోతాయి, మీరు గుంటూరు నుంచి అక్కడికి వచ్చి ఎక్కాలి. స్లీపర్ అయితే ఏడెనిమిది వందలు, థర్డ్ ఏసీ అయితే రెండు వేల లోపు. ఏప్రిల్ ఎండల్లో బల్లార్షా, నాగ్‌పూర్ మీదుగా పగటిపూట స్లీపర్‌లో ప్రయాణం అంటే వడియాల్లా ఎండిపోతారు. మర్నాడు స్టేజీ ఎక్కాల్సిన మనిషి కనీసం వెళ్లేటప్పుడైనా థర్డ్ ఏసీలో వెళ్లాలని నా సలహా. రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. ఏప్రిల్ 15న బయలుదేరాలంటే ఫిబ్రవరి 14న. ఒక పీఎన్ఆర్‌లో ఆరుగురికి తీయవచ్చు, మీ గ్రూపుకు సరిగ్గా సరిపోతుంది. తత్కాల్ దాకా ఆగితే ఒక టిక్కెట్‌లో నలుగురికే చోటు, కన్ఫర్మ్ అయ్యాక రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ చేయించుకోకపోతే ఇప్పుడే చేసుకోండి, బుకింగ్ తెరిచిన తొలి సమయంలో ఆ ఖాతాలకే అవకాశం ఇస్తున్నారు.

మీ వయసు వాళ్లలో చాలామందికి తెలియనిది ఒకటుంది. చదువుకు సంబంధించిన టూర్లకు విద్యార్థులకు రైల్వే ఇప్పటికీ రాయితీ ఇస్తోంది. స్లీపర్, సెకండ్ క్లాసుల్లో మూల చార్జీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. ఏసీకి, తత్కాల్‌కు వర్తించదు, ఆన్‌లైన్‌లో రాదు. కాలేజీ ప్రిన్సిపాల్ సంతకంతో దరఖాస్తు పెట్టి కన్సెషన్ ఆర్డర్ తెచ్చుకుని, టిక్కెట్ కౌంటర్‌లో తీసుకోవాలి. కాన్ఫరెన్స్ ఆహ్వాన పత్రం జతచేసి స్టేషన్‌లో ముందే అడిగి చూడండి. డబ్బు బాగా ఇబ్బందిగా ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్లకు ఈ దారి చెప్పండి.

రిజిస్ట్రేషన్ దగ్గర మీ గ్రూపు ఒక పొరపాటు చేస్తోంది. ఆరుగురి ఫీజులూ కలిపితే 26,550, ఆరు భాగాలు చేస్తే తలా 4,425. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ పేపర్ రాయని ముగ్గురు మీ పేపర్ ఫీజులో వాటా ఎందుకు మోయాలి? అసలు ఆ ముగ్గురూ రెండు రోజులు హాల్లో కూర్చుని ప్రెజెంటేషన్లు వింటారా? మనసులో మాట అడగండి. తిరగడానికే వస్తుంటే ఫీజు కట్టకుండా హాయిగా కుతుబ్ మినార్ చూసి రావచ్చు, తలా 3,540 మిగులుతుంది. పేపర్ రాసిన ముగ్గురి ఫీజులు 15,930. అది మీ ముగ్గురే పంచుకోండి, తలా 5,310. మీకు 885 రూపాయలు పెరుగుతుంది. పెరగనివ్వండి. గదిని మాత్రం మంచం లెక్కన పంచుకోండి, తిండి ఎవరిది వారిది. ట్రిప్పు మొత్తాన్ని ఆరుతో భాగించే లెక్క పెడితే, పరాఠా తిన్న అమ్మాయి ఇంకొకరి పిజ్జాకు డబ్బు కడుతుంది.

మీ లెక్క ఇలా వస్తుంది: రిజిస్ట్రేషన్ 5,310, రానూపోనూ థర్డ్ ఏసీ 4 వేలు, ముగ్గురు ఒక గదిలో సర్దుకుంటే మూడు రాత్రులకు మీ వాటా 3 వేలు, తిండి, మెట్రో 3,500, ఆగ్రాకు 800, అనుకోని ఖర్చుకు 1,500. మొత్తం 18,110. రెండు వేల పైచిలుకు తక్కువ పడుతోంది కదా, అక్కడే నాన్నగారి మాట వస్తుంది.

గొలుసు తాకట్టు వద్దు. మీకు చెప్పక్కర్లేదు, మిర్చి సీజన్‌లో వచ్చిన దానితోనే మీ ఇల్లు వేసవి దాటాలి. మేలో యార్డుకు దాదాపు నెల రోజులు సెలవులిస్తారు, ఆ నెలలో కొట్టు గుమాస్తా చేతిలో ఏం ఆడుతుంది? సరిగ్గా అప్పుడు బంగారం లోన్ వడ్డీ నెత్తిన పెట్టడం ఎందుకు? అలాగని ‘మీరేం ఇవ్వక్కర్లేదు నాన్నా’ అనకండి. కూతురు ఢిల్లీలో పేపర్ చదువుతుంటే ఆయనకు కొట్టులో పదిమందికి చెప్పుకోవాలని ఉంటుంది. ‘నాన్నా, నా రైలు టిక్కెట్లు మీరు కొనిపెట్టండి’ అని అడగండి. 4 వేలు, తాకట్టు లేకుండా సీజన్ డబ్బులోంచే ఇవ్వగలరు. అప్పుడు మీ చేతి నుంచి పోయేది 14,110. బెంగళూరు డబ్బు 30 వేలు చెక్కుచెదరదు, పైన ఇంకో 1,890 మిగులుతుంది.

లోన్ యాప్ గురించి ఒక్క లెక్క చెప్పి వదిలేస్తాను, ఆ ఫ్రెండ్‌కు చూపించండి. 15 వేలు తీసుకుని, నెలకు 3 శాతం ఫ్లాట్ వడ్డీతో ఆరు నెలల వాయిదాలు అనుకుందాం. నెలకు 2,950. ‘మూడు రూపాయల వడ్డీయేగా, మన ఊళ్లో ఇచ్చేదే’ అనిపిస్తుంది. ఊళ్లో వడ్డీ వ్యాపారి మీరు అసలు తీర్చిన కొద్దీ మిగిలిన దానికే వడ్డీ కడతాడు. ఇక్కడ ఐదు వాయిదాలు కట్టేశాక కూడా వడ్డీ పూర్తి 15 వేల మీదే నడుస్తుంది. నిజంగా లెక్క కడితే అది దాదాపు ఐదు రూపాయల వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు ముందే కోసుకుంటే ఇంకా పైకి పోతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం అన్ని ఖర్చులూ కలిపిన ఏడాది రేటును ఒప్పందానికి ముందే ఒక కాగితంలో చూపించాలి. ఎవరైనా తీసుకోవాల్సి వస్తే నెల వాయిదా ఎంతో కాదు, ఆ రేటు చూడమనండి. కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడిగే యాప్ అయితే అసలు ముట్టుకోవద్దు.

ఆగ్రాకు నేను 800 వేసింది ఒక చిన్న కిటుకు నమ్ముకుని. ఇందాక చెప్పిన మూడు రైళ్లూ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. తిరుగు టిక్కెట్ ఢిల్లీ నుంచి కాకుండా ఆగ్రా నుంచే తీయండి. పొద్దున్నే ఢిల్లీ వదిలి, సామాను స్టేషన్ క్లోక్ రూమ్‌లో పెట్టి, తాజ్ చూసి అక్కడే రైలెక్కేయవచ్చు, మళ్లీ వెనక్కి వెళ్లే ఖర్చుండదు. భారతీయులకు తాజ్ టిక్కెట్ 50 రూపాయలు, సమాధి ఉన్న లోపలి కట్టడంలోకి వెళ్లాలంటే ఇంకో 200. శుక్రవారం మూసేస్తారు, తేదీ చూసుకుని రైలు ఎంచుకోండి. ఢిల్లీలో అన్నం మీద బెంగ పుడితే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ఉండనే ఉంది. ఆరుగురూ ఒక పూట అక్కడ తింటే మిగతా రెండు పూటల పరాఠా ఖర్చు తగ్గినట్టే.

కాలేజీ ఇస్తానన్న 8,850ని నేను లెక్కలో కావాలనే వేయలేదు, వచ్చాకే అది డబ్బు. వస్తే మీ ముగ్గురికీ తలా 2,950 అని ఇప్పుడే అనుకోండి. చాలా కాలేజీల లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి, కొత్త సంవత్సరంలోకి పడితే ‘పాత బడ్జెట్ అయిపోయింది’ అనే మాట వినాల్సి వస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు మార్చిలో ఉంటే కట్టిన వారమే రసీదు ఇచ్చేయండి, ట్రిప్పు నుంచి వచ్చాక అన్నీ కలిపి ఇద్దామనుకోకండి. రసీదు మీ పేరున ఉండాలా, కాలేజీ పేరున ఉండాలా, దాని మీద జీఎస్టీ నంబరు కావాలా అన్నది అకౌంట్స్ సెక్షన్‌లో డబ్బు కట్టకముందే అడగండి. కాలేజీ నుంచి టీసీ తీసుకునేలోపు ఆ చెక్కు మీ చేతిలో ఉండాలి. బెంగళూరు వెళ్లాక గుంటూరు ఆఫీసు చుట్టూ తిరిగేది నాన్నగారే అవుతారు.