మెయిల్లో మేటర్ కనబడకపోతే

చిరంజీవి బుజ్జమ్మకు,

పెదనాన్న ఆశీస్సులు. కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ల పని నీకు అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషమైంది. "మెయిల్ వచ్చింది గానీ లోపల మేటర్ లేదు" అంటూ ఎవరో ఒకరు నీ దగ్గరికి వస్తున్నారని రాశావు. ఉద్యోగమంతా ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి తెలిసింది చెబుతున్నాను.

మేటర్ నిజంగా పోయిందా, ఉండి కనబడటం లేదా అన్నది ముందు తేల్చుకో. ఎక్కువగా రెండోదే అవుతుంది. ఆ మెయిల్‌ను నీకు ఫార్వర్డ్ చేయమని మాత్రం అడగకు. ఫార్వర్డ్ చేస్తే మెయిల్ మళ్ళీ కొత్తగా తయారవుతుంది, అసలు దాంట్లో ఏం వచ్చిందో ఇక నీకు తెలియదు. వాళ్ళ సీటు దగ్గరికే వెళ్ళి చూడు. అదే మెయిల్ ఫోన్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఒకసారి తెరిపించు. ఒకచోట కనబడిందంటే మేటర్ చేరినట్టే.

ఫోన్‌లో డార్క్ మోడ్ ఉందేమో చూడు. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేసి అతికిస్తే అక్షరాల నలుపు రంగు కూడా వెంట వస్తుంది. నల్ల తెర మీద నల్ల అక్షరాలు ఏం కనబడతాయి? మొత్తం సెలెక్ట్ చేస్తే బయటపడతాయి. మెయిల్ అడుగున మూడు చుక్కలుంటే వాటినీ నొక్కించు. పాత మెయిల్లో ఉన్న మేటరే మళ్ళీ వచ్చిందనుకుని జీమెయిల్ దాన్ని అక్కడ దాస్తుంది. కొందరు జవాబును పాత మేటర్ మధ్యలోనే రాస్తారు, ఒక్కోసారి అదీ దాంతోపాటే మరుగున పడుతుంది. సర్క్యులర్‌ను బొమ్మగా పెట్టి పంపితే, బొమ్మలు చూపించడం ఆపేసి ఉన్నచోట మెయిల్ ఖాళీగానే కనబడుతుంది.

పొడుగాటి మెయిల్ సగంలో ఆగిపోతే కంగారు పడకు. మెయిల్ సైజు సుమారు 102 కేబీ (కిలోబైట్లు) దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించి, మొత్తం చూడటానికి కింద లింకు ఇస్తుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, అన్ని భాషల అక్షరాలకూ పనికొచ్చే యూనికోడ్ పద్ధతిలో, మెయిళ్ళలో మామూలుగా వాడే యూటీఎఫ్-8 రూపంలో, ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. అందుకే తెలుగు మెయిల్ ఆ హద్దును తొందరగా దాటేస్తుంది.

తెలుగు మెయిళ్ళ దగ్గర ఇంకాస్త ఓపిక పట్టాలమ్మా. అక్షరాల చోట ఏం కనబడుతోందో దగ్గరగా చూడు. ఖాళీ డబ్బాలు కనబడితే ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదన్నమాట. నెత్తిన గీతలున్న రోమన్ అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరసగా కనబడితే ఎన్‌కోడింగ్‌ను, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని, యంత్రం తప్పుగా చదువుతోంది, దాన్ని యూటీఎఫ్-8కి మారిస్తే చాలాసార్లు సరిపోతుంది. డీటీపీ సెంటర్లో 'అను' అనే పాత పద్ధతి (యూనికోడ్ కాని) తెలుగు ఫాంట్లలో కొట్టిన మేటర్ అతికిస్తే అర్థం లేని రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఆ మేటర్ దారిలోనే పోయింది. ఏ సెట్టింగు మార్చినా తిరిగి రాదు, మళ్ళీ తెప్పించుకోవాల్సిందే.

ఇవేవీ కాకపోతే కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కల్లో 'షో ఒరిజినల్' నొక్కు. అక్కడ పేరాలకు పేరాలు అర్థం కాని అక్షరాలు, అంకెలు ఉంటే పాడైపోయిందనుకోకు. తెలుగు మేటర్‌ను చాలాసార్లు అలా మార్చే పంపుతారు. పైన వివరాలుండి కింద ఏమీ లేకపోతేనే మేటర్ రాలేదని అర్థం. winmail.dat అనే అటాచ్‌మెంట్ ఒక్కటే వస్తే, పంపినవాళ్ళ అవుట్‌లుక్‌లో ఫార్మాట్ రిచ్ టెక్స్ట్‌గా ఉండి ఉంటుంది. దాన్ని హెచ్‌టీఎంఎల్‌కు మార్చి మళ్ళీ పంపమను.

ఫీజు గడువో, పరీక్ష తేదీయో ఉన్న మెయిలైతే ముందు పంపినవాళ్ళకు ఫోన్ చేసి విషయం కనుక్కోమను. సగం మేటర్ చదివి పిల్లలు టెన్షన్ పడకూడదు. కారణం నువ్వు సాయంత్రం తీరిగ్గా వెతకొచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న