క్రాక్ సాఫ్ట్‌వేర్ దించాక సిస్టమ్ నెమ్మదించింది, ఏం చేయాలి?

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర డీటీపీ షాపు మీది. ఫాంట్ల సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) నడిపినప్పటి నుంచి విండోస్ సిస్టమ్ పాకుతోందని, ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ హోరెత్తుతోందని అడిగారు.

ముందు నెట్ తీసేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ చూడండి. తెలియని పేరేదో సగానికి పైగా వాడేస్తుంటే, మీ సిస్టమ్‌తో, మీ కరెంటు బిల్లుతో ఎవరో క్రిప్టో కరెన్సీ తవ్వుకుంటున్నట్టు (మైనింగ్) అనుమానించాలి. టాస్క్ మేనేజర్ తెరవగానే నక్కేవీ ఉంటాయి, అక్కడేం కనబడలేదని ఊరుకోవద్దు.

అసలు చూడాల్సింది విండోస్ సెక్యూరిటీలోని ఎక్స్‌క్లూజన్స్, అంటే స్కాన్ చేయకుండా వదిలేసే వాటి జాబితా. ‘యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయండి’ అని క్రాక్ వాళ్లు చెప్పేది ఊరికే కాదండి. ఆ సందులో వైరస్ తన ఫోల్డర్‌ని స్కాన్ చేయొద్దని అక్కడ రాసేసుకుంటుంది. మీరు చేర్చనివన్నీ తీసేయండి. అప్‌డేట్ కోసం కాసేపు నెట్ కలిపి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్టయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. సుమారు 15 నిమిషాలు. స్టార్టప్ యాప్స్, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లలో కొత్తవీ తీసేయండి. ‘పీసీ క్లీనర్’ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

నెమ్మదించడం చిన్న సంగతి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఈపాటికే పోయి ఉండొచ్చు. వేరే ఫోన్ నుంచి జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చి, అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్ చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అప్పటికీ లొంగకపోతే డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, సెటప్ ఫైళ్లు వదిలేసి, విండోస్ కొత్తగా వేయించండి.