మెషిన్ గన్ ఎక్కిన ప్రతిసారీ ముందు నేనే ఎందుకు పోతున్నాను?

మీ ప్రశ్న చదివి నవ్వుకున్నాను, 2016లో నా బతుకూ అచ్చం ఇదే. ఆర్మా 3 అనే కంప్యూటర్ యుద్ధం గేమ్‌లో ట్రైపాడ్ మీద నిలబెట్టే హెవీ మెషిన్ గన్ ఎక్కుతున్నారు, తూటాల బెల్టు మొత్తం ఖాళీ చేస్తున్నారు, ఇద్దరు కూడా పడటం లేదు, అర నిమిషంలో ఎవడో దూరం నుంచి మీ తలకాయ లేపేస్తున్నాడు. ఇది దండగమారి ఆయుధమా, దీని బదులు మనిషి అక్కర్లేకుండా కాల్చే రకం పెట్టుకుంటే నయమా అని అడిగారు. దండగేం కాదు. కాకపోతే మీరు దాన్ని పెద్ద రైఫిల్ అనుకుంటున్నారు. నేనూ ఏడాదిన్నర అలాగే అనుకున్నాను.

మాది పలాస. పగలు జీడి పిక్కల వ్యాపారం, రాత్రి పదిన్నర దాటాక ఆర్మా. టెక్కలి నుంచి ఒకడు, రాజాం నుంచి ఒకడు, విజయనగరం నుంచి అన్నదమ్ములిద్దరు, నాతో కలిపి ఐదుగురం. ఓ రాత్రి వాళ్ళింట్లో కరెంటు పోయిందని మా చిన్నాన్న వచ్చి నా వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాకు ఇన్వర్టర్ ఉంది, ఫ్యాన్ తిరుగుతుంది, అదీ సంగతి. ఆయన ఆర్మీలో టీ-72 ట్యాంకు మీద కమాండర్‌గా చేసి దఫేదార్‌గా రిటైరయ్యాడు. నేనేమో గేమ్‌లోని ఆల్టిస్ దీవిలో అథీరా ఊళ్ళో ఓ మేడ మీద ఎంకే30 గన్‌ని, అంటే మీరడిగిన ఆ హెవీ మెషిన్ గన్‌నే, అదీ నిలబడి కాల్చే పొడుగు ట్రైపాడ్ రకాన్ని, పెట్టుకుని రోడ్డు వైపు చూస్తున్నాను. శత్రువులు కనబడగానే మౌస్ బటన్ నొక్కి వదల్లేదు. బెల్టు అయిపోయింది. నేనూ అయిపోయాను.

వెనక నుంచి ఆయన, "ఏటిరా అది? పెళ్ళి మందుగుండులాగ కాల్చేసినావు" అన్నాడు.

గేమ్ అంతేలే చిన్నాన్నా అన్నాను. "గేమైతే ఏటి, నువ్వెక్కడ కూకున్నావో సూడు. సేలో మంచె మీద కూకున్నట్టు కూకున్నావు. ఊరంతటికీ అవుపడతన్నావు కదా" అన్నాడు.

టీ-72 మీద 12.7 మిల్లీమీటర్ల గన్ ఒకటి ఉంటుంది, ఎన్‌ఎస్‌వీటీ అంటారు. హెలికాప్టర్లూ విమానాల కోసం పెట్టింది. దాన్ని కాల్చాలంటే కమాండర్ మూత తెరుచుకుని తలా భుజాలూ బయట పెట్టాలి. లోపల కూర్చుంటే అంత ఉక్కు కాపు, బయటికొస్తే ఒంటిమీద చొక్కా. అందుకే ఆయనకి ఆ గన్ పేరెత్తితే ముందు గుర్తొచ్చేది తలకాయే. ఎక్కడ కాలుస్తున్నాననే లెక్క తర్వాత, నా తల ఎవరెవరికి కనబడుతుందనే లెక్క ముందు.

మర్నాడు పొద్దున్న గోడౌన్‌లో గోనె పట్టా పరిచి, దాని మీద పిక్కలు పేర్చి చూపించాడు. వరసగా పన్నెండు పిక్కలు రోడ్డు మీద వస్తున్న మనుషులు. రోడ్డుకి ఎదురుగా, వరస చివర ఓ లావు పిక్క పెట్టాడు, అది నా గన్. "ఇక్కడుంటే నువ్వు సూసేది ముందోణ్ణి ఒక్కణ్ణే, నిన్ను సూసేది పన్నెండుమంది" అన్నాడు. తర్వాత ఆ లావు పిక్కని తీసి రోడ్డుకి పక్కగా, ఓ మడత వెనక్కి జరిపాడు. ఆ మడత గట్టన్నమాట. ఇప్పుడు రోడ్డులో ఓ ముక్క మాత్రమే గన్‌కి కనబడుతుంది, మిగతా రోడ్డుకి గన్ కనబడదు. ఆ ముక్కలోకి వచ్చినవాళ్ళు పక్క చూపించుకుంటూ వస్తారు. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, అది నాకిప్పటికీ బాగా పనికొస్తోంది: "మంచె మీద ఒడిసెల ఎందుకు తిప్పుతారు? పిట్టల్ని సంపడానికా? కంకి మీద వాలకుండా ఉండడానికి. ఇదీ అంతే."

మీ బెల్టుకి ఇద్దరు కూడా పడటం లేదన్న బాధకి జవాబు ఇందులోనే ఉంది. ఆర్మాలో ఏఐ సైనికులకి, అంటే కంప్యూటరే నడిపే వాళ్ళకి, తూటాలు దగ్గర్నుంచి పోతే తల దించుకునే గుణం ఉంది, గురి కూడా చెడుతుంది. మీరు కాలుస్తున్నంతసేపూ వాళ్ళు పెద్దగా కదలరు, ఆ లోపల మీవాళ్ళు నలుగురు పక్కనుంచి వెళ్ళి పని పూర్తి చేస్తారు. స్కోర్ బోర్డులో పేరు వాళ్ళకొస్తుంది. అది నచ్చకపోతే ఈ గన్ మీకు నచ్చదు, స్నైపర్ తీసుకోండి.

ఇక కాల్చడం. ఈ జాతి గన్లకి పెద్దన్న ఎం2 బ్రౌనింగ్. 1918లో మొదలైన డిజైన్, ఎం2 రూపం 1933లో వచ్చింది, ఇప్పటికీ సైన్యాల్లో నడుస్తోంది. అది నిమిషానికి 450 నుంచి 600 రౌండ్ల (తూటాల) దాకా కాలుస్తుంది. మామూలుగా దాని పెట్టెలో ఉండేది 100 రౌండ్లు. లెక్కేసుకోండి, బటన్ నొక్కిపట్టుకుంటే పది పన్నెండు సెకన్లలో పెట్టె ఖాళీ. అందుకే సైనికులకి నేర్పేది ఐదు నుంచి ఏడు రౌండ్లు ఒక్క విడతలో కాల్చడం, దాన్నే బరస్ట్ అంటారు, కాస్త ఆగడం, మళ్ళీ బరస్ట్. నేను నోట్లో "ఒకటీ" అని సాగదీసి అనుకుని వేలు తీసేస్తాను, అంతే. మొదట్లో మావాళ్ళు మైకులో విని నవ్వేవారు. ఇప్పుడు రాజాం వాడు కూడా అంటున్నాడు.

దూరం సంగతి కొంచెం ఓపిగ్గా చూడండి, ఇక్కడే అందరూ తేలిపోతారు. ఎం2 తూటా గొట్టం వదిలేటప్పుడు సెకనుకి సుమారు 890 మీటర్ల వేగంతో ఉంటుంది, గాలి వల్ల పోనుపోను తగ్గుతుంది. 800 మీటర్ల దూరంలో ఉన్నవాణ్ణి చేరడానికి సెకను పైనే పడుతుంది. వాడు పరిగెడుతుంటే ఆ సెకనులో నాలుగైదు మీటర్లు జరిగిపోతాడు. మీరు వాడి మీద గురిపెట్టి కాల్చింది వాడి వెనక మట్టికి తగులుతుంది. ముందుకి పెట్టాలి. జీరోయింగ్‌ని, అంటే ఎంత దూరానికి గురి కుదరాలో ఆ అమరికని, పేజ్ అప్, పేజ్ డౌన్‌లతో ముందే సరిచేసుకోండి, మనుషులు వచ్చాక కాదు. నేనైతే గన్ పెట్టగానే కనబడే గోడకో చెట్టుకో ఒక్క బరస్ట్ కాల్చి దుమ్ము ఎక్కడ లేచిందో చూసుకునేవాణ్ణి. తర్వాత టెక్కలి వాడు తిట్టాడు, ఆ బరస్ట్‌తోనే మన చోటు అందరికీ చెప్పేస్తున్నావని. వాడన్నది నిజమే. ఇప్పుడు మ్యాప్ మీద దూరం కొలుచుకుంటున్నాను.

చప్పుడు గురించి కూడా. ఆర్మాలో శబ్దం నిజంలో లాగానే ఆలస్యంగా చేరుతుంది. 800 మీటర్లకి రెండు సెకన్ల పైమాట. అంటే మీ మొదటి బరస్ట్ వాళ్ళ మధ్య పడ్డాకే మీ గన్ చప్పుడు వాళ్ళకి వినబడుతుంది. ఆ ఒక్క బరస్ట్ మీకు ఉచితం. రెండోదాన్నుంచి మీరెక్కడున్నారో వాళ్ళకి తెలుసు. కాబట్టి ముందు కనబడిన ఒంటరివాడి మీద దాన్ని పారేసుకోవద్దు. రానివ్వండి, గుంపు మొత్తం ఆ ముక్కలోకి వచ్చాక మొదలెట్టండి. చెప్పినంత తేలిక కాదు, వేలు దురదపెడుతుంది.

ఎంకే30 కాల్చేదీ ఎం2 లాగే 12.7 మిల్లీమీటర్ల తూటానే. దానికి ఇంకో వరం, అది అడ్డాన్ని పెద్దగా లెక్కచేయదు. ఏ వస్తువులోంచి ఎంత దూసుకుపోతుందో గేమ్ లెక్కగడుతుంది. పల్చటి గోడ, కారు తలుపు, రేకు షెడ్డు, వీటి వెనక దాక్కున్నవాడు దాక్కున్నట్టే కాదు. వాడు దూరిన చోటు గుర్తుంటే అక్కడికే కాల్చండి. ఆల్టిస్ నిండా పొలాల మధ్య రాతిగోడలుంటాయి చూడండి, గన్ పెట్టుకోవడానికి నాకు మేడలకన్నా అవే ఇష్టం. ఆ దీవి ఊహించి గీసింది కాదు, గ్రీసులో లెమ్నోస్ దీవిని చూసి చేసింది, దాదాపు 270 చదరపు కిలోమీటర్లు. 2012 సెప్టెంబరులో ఈ గేమ్ కంపెనీ ఉద్యోగులిద్దరు ఆ దీవికి వెళితే గూఢచారులని పట్టుకుని నాలుగు నెలలకి పైగా జైల్లో పెట్టారు, 2013 జనవరిలో గానీ వదల్లేదు. మా చిన్నాన్నకి ఇది చెబితే ఆయన గ్రీసు పోలీసుల పక్షమే మాట్లాడాడు, అది వేరే కథ.

ఒంటరిగా ఈ గన్ పట్టుకోకండి. గేమ్‌లో గన్ ఒకరి వీపున, ట్రైపాడ్ ఒకరి వీపున మోసుకెళ్ళి, ట్రైపాడ్ సంచి కింద పెడితే గన్ ఉన్నవాడు దగ్గరికొచ్చి బిగిస్తాడు. చాలామంది ఇదొక విసుగు అనుకుంటారు. నిజంలో ఎం2 ఒక్కటే 38 కిలోలు, ట్రైపాడ్‌తో కలిపి 58, వంద రౌండ్ల పెట్టె ఇంకో 16. మా దగ్గర పిక్కల బస్తా 80 కిలోలు. ఇంచుమించు ఓ బస్తా అన్నమాట, దాన్ని కొండెక్కించాలి. గోడౌన్‌లో బస్తాలు మోసేవాళ్ళని రోజూ చూసేవాణ్ణి గనక గేమ్ మనమీద చాలా జాలి చూపించిందనే నేనంటాను. ఏస్ మాడ్ (ఆటని ఇంకా నిజంలా మార్చే అదనపు ప్యాకేజీ) పెట్టుకుంటే రౌండ్ల పెట్టెలు కూడా మనమే తెచ్చి ఎక్కించాలి, మేం అలాగే ఆడుతున్నాం. ఆ రెండోవాడు మోసి ఊరికే కూర్చోడు. గన్ మీద ఉన్నవాడికి ముందున్న ముక్క తప్ప ఏదీ కనబడదు, కాబట్టి బైనాక్యులర్లతో పక్కలూ వెనకా చూడాల్సింది అతనే. నన్ను వెనకనుంచి కత్తిరించినట్టు చంపేసింది ఎన్నిసార్లో, అన్నిసార్లూ రెండోవాడు కూడా ఉత్సాహం ఆగక ముందుకి కాలుస్తున్నాడు. అన్నట్టు గన్ అటూ ఇటూ ఎంతమేర తిరుగుతుందో ఎక్కగానే ఓసారి తిప్పి చూసుకోండి, శత్రువు పక్కకొచ్చాక తెలుసుకుంటే లాభం లేదు.

ఎప్పుడు దిగాలి? ఇది చెప్పేవాళ్ళు తక్కువ. నాలుగైదు బరస్టులయ్యాక మీ చుట్టూ రాళ్ళమీద తూటాలు తగలడం మొదలైతే దిగిపోండి. టైముంటే విప్పి సంచుల్లో వేసుకోండి, లేకపోతే వదిలేసి పొండి. గన్ పోతే ఇంకోటి దొరుకుతుంది. మేం ప్రతి చోటికీ ముందే రెండో చోటు కూడా మ్యాప్ మీద చుక్క పెట్టుకుంటాం. వెనక గన్ బిగించిన ఆఫ్‌రోడ్ బండి తీసుకున్నా ఇదే, బండిని మిట్ట వెనక ఆపి గన్ ఒక్కటే పైకి కనబడేలా పెట్టుకోవాలి, కదులుతూ కాల్చడం సినిమాలకి బాగుంటుంది.

చివర్లో అడిగిన మనిషి లేని రకం, ఎంకే30ఏ. యూఏవీ టెర్మినల్‌తో, అంటే గేమ్‌లో డ్రోన్లని నడిపే పరికరంతో, దూరం నుంచి దాన్ని నడపొచ్చు, వదిలేస్తే దానంతట అదే కాలుస్తుంది కూడా. తల పోయే భయం లేదు. అందుకే మీకు నచ్చుతుంది. కానీ అది ఆగి చూడదు, ముందొచ్చిన ఒంటరివాడి మీదే ఆ ఉచిత బరస్ట్ ఖర్చుపెట్టేస్తుంది, చోటూ మారదు. మా చిన్నాన్నకి చూపిస్తే "ఒరే, ఇది దిష్టిబొమ్మరా. రెండ్రోజులకి పిట్టలు దాని నెత్తి మీదే వాలతాయి" అన్నాడు. మేం దాన్ని వెనకదారి కాపలాకి మాత్రం పెడతాం, అది కాల్చడం మొదలెట్టిందంటే వెనకనుంచి ఎవరో వస్తున్నారని మాకు తెలియడానికి.