శంకర్‌పల్లి స్థలంలో నేల కింద పడకగది కడితే చల్లగా ఉంటుందా?

అమ్మానాన్నలకు ఎండాకాలం ఏసీ లేకుండా గడిచేలా నేల కింద గది కట్టొచ్చా అని అడిగారు. చల్లదనం మాట నిజమే. పది పన్నెండు అడుగుల లోతులో నేల వేడి ఏడాదంతా ఆ ఊరి సగటుకు దగ్గరగానే ఉంటుంది, హైదరాబాద్‌లో అది 26, 27 డిగ్రీలు. మే నెలలోనూ ఫ్యాన్‌తో సరిపోతుంది. రోడ్డు రొద కూడా వినబడదు. కానీ నేల కింది ఇళ్లకు పేరుపడ్డ ఆస్ట్రేలియా కూబర్ పీడీలో ఏడాది వాన సుమారు 150 మిల్లీమీటర్లే. మనకు 800 దాకా పడుతుంది. తిప్పలన్నీ అక్కడే.

మన వైపు పైన మట్టి, మొరం, వాటి కింద గ్రానైట్ బండ. వాన నీళ్లు మొరంలోంచి దిగి బండ మీద ఆగి పక్కకు పారతాయి. బోర్లు ఎండిపోయిన చోట కూడా సెల్లార్ గోడలు చెమర్చేది ఇందుకే. లోపలివైపు ఎంత ఖరీదైన పూత పూసినా వెనక నుంచి నీళ్లు తోస్తుంటే పొక్కులొచ్చి ఊడిపోతుంది. బయటి నుంచి షాబాద్ బండలతో బాక్స్ వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. పీసీసీ (అడుగున పోసే ఇనుము లేని కాంక్రీటు) మీద వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన మాలు, దానిమీద బండలు, ఆ పైన రాఫ్ట్, అంటే గది మొత్తానికి పునాదిగా పోసే కాంక్రీటు పలక. గోడల బయట అంగుళం సందు వదిలి బండలు నిలబెట్టి, సందులో సిమెంటు స్లర్రీ పోస్తారు. ఎక్కువగా కారేది రాఫ్ట్, గోడ కలిసే చోట. అక్కడ కాంక్రీటు పోసేటప్పుడే పీవీసీ వాటర్‌స్టాప్ (అతుకులోంచి నీళ్లు రాకుండా ఆపే ప్లాస్టిక్ పట్టీ) పెట్టాలి, తర్వాత పెట్టే దారి లేదు.

మట్టి పూడ్చే ముందు పునాది చుట్టూ నాలుగంగుళాల చిల్లుల పైపు, చుట్టూ 20 ఎంఎం కంకర, పైన మట్టిని ఆపి నీళ్లను వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి, నూరడుగులకు అడుగు వాలుతో సంపులోకి తిప్పండి. సంపులో ఫ్లోట్ స్విచ్‌లతో (నీటిమట్టం పెరగగానే వాటంతటవే ఆన్ అయ్యేవి) రెండు పంపులు ఉండాలి, ఒకటి ఇన్వర్టర్ మీద. కుండపోతగా కురిసేటప్పుడే కదా కరెంటు పోయేది. 2020 అక్టోబరు వానలకు నగరంలో సెల్లార్లు నిండిన సంగతి తెలిసిందే.

టాయిలెట్ డ్రైనేజీ లైను కంటే కింద పడుతుంది కాబట్టి మురుగును పైకి తోడే సీవేజ్ పంపు, అది వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ తప్పవు. లేకపోతే బయట మ్యాన్‌హోల్ పొంగిన రోజు మురుగు గదిలోకి వస్తుంది.

గాలి సంగతి ఇంకా ముఖ్యం. జులై, ఆగస్టుల్లో తడిగాలి చల్లటి గోడలకు తగిలి బీరువా వెనక, పరుపు కింద బూజు పడుతుంది. సామాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా పెట్టండి, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫైయర్‌కు ప్లగ్ పాయింట్ వదలండి. గ్రానైట్ నేలల్లోంచి రేడాన్ వాయువు వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఎగ్జాస్ట్ ఒక్కటే పెడితే గది దాన్ని నేల పగుళ్లలోంచి ఇంకా లాక్కుంటుంది, బయటి గాలిని లోపలికి తోసే ఫ్యాన్ కూడా ఉండాలి. గ్యాస్ సిలిండర్ మాత్రం కిందికి దించనే వద్దు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది.

పెద్దవాళ్లకైతే పూర్తిగా కిందికి వెళ్లమని నేను చెప్పను. రోజూ ఆ మెట్లు మోకాళ్లకు మంచివి కావు, మంటలొస్తే బయటపడటం కష్టం. మూడు నాలుగు అడుగులు మాత్రమే దించి, పైభాగంలో రెండు వైపులా కిటికీలు పెట్టి, ఒక పక్క ర్యాంపు ఇస్తే చల్లదనం కొంత తగ్గినా వెలుతురు, గాలి దక్కుతాయి.

ఇళ్ల నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 168, సెల్లార్‌ను పార్కింగ్‌కే ఉద్దేశించింది. పది శాతం దాకా జనరేటర్, లాండ్రీ లాంటివాటికి వాడుకోవచ్చు గానీ నివాసానికి కాదు. మీ ప్లాన్ ఏ లెక్కలోకి వస్తుందో, ఇప్పటి నిబంధనలేమిటో జేసీబీ పిలిచే ముందే పర్మిషన్ ఇచ్చే ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి.