కుమ్మక్కులో కుమ్ము లేదు

సందేహం: ఒక వార్తలో పైన ‘కంపెనీల లాబీయింగ్‌కు తలొగ్గి విదేశాంగ విధానం మార్చారు’ అనీ, కింద ‘కంపెనీలతో ప్రభుత్వం కుమ్మక్కు’ అనీ రాశారు. రెండూ ఒకటేనా? లాబీయింగ్‌ని పైరవీ అనొచ్చా? కుమ్మక్కు అంటే కుమ్మి, ఆపైన అక్కున చేర్చుకోవడమని మా మిత్రుడంటాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, నర్సాపురం

సమాధానం: మీ మిత్రుడి ఊహ ముచ్చటగా ఉంది గానీ ఒప్పుకోలేం. కుమ్ము మనదే, అక్కు మనదే, కుమ్మక్కు మాత్రం మనది కాదు. తురుష్క భాషల నుంచి ఫార్సీకి, అక్కణ్ణించి హిందుస్తానీకి వచ్చిన ‘కుమక్’ ఇది. అర్థం సాయం, ముఖ్యంగా యుద్ధంలో ఒకడికి ఇబ్బంది వస్తే ఇంకొకడు పంపే అదనపు సేన. హిందీ, ఉర్దూల్లో నేటికీ కుమక్ అంటే ఆ బలగమే. అందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. హక్ మన నోట హక్కు అయినట్టే కుమక్ కుమ్మక్కైంది. ఒత్తులు రెండు సంపాదించుకుంది, పరువు పోగొట్టుకుంది.

ఆ పరువు పోవడానికి ఇదే కారణమని శఠించను గానీ, సాయం పేరుతో వచ్చిన సేనలు ఏం చేశాయో గోదావరి వాళ్ళకి వేరే చెప్పాలా? 1753లో నిజాం సలాబత్ జంగ్ తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేన జీతాల కింద ముస్తఫానగరం (అంటే కొండపల్లి), ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు (అంటే శ్రీకాకుళం) సర్కార్లను, అంటే జిల్లాలను, ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర ఆ ఫ్రెంచివాళ్ళను ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దళం ఓడించింది. ఆ దళాన్ని పిలిపించుకున్నది విజయనగరం రాజు. అదీ కుమక్కే. ఇక 1766 నవంబరు 12 నాటి ఒప్పందం: సర్కార్లకు బదులుగా కంపెనీ నిజాంకు ఏటా 9 లక్షల రూపాయలివ్వాలి, అందులో 5 లక్షలు రాజమహేంద్రవరం, ఏలూరు, ముస్తఫానగరాల వంతు. దాంతోపాటు నిజాంకు అక్కర పడినప్పుడు సేనను సిద్ధంగా ఉంచాలి. అచ్చమైన కుమక్! లండన్‌లో వాటాదార్లకు డివిడెండు పంచాల్సిన వ్యాపారసంస్థ ఇక్కడ సంధులు రాసుకుంది, యుద్ధాలు చేసింది. పోనుపోనూ కుంపిణీయే సర్కారైంది. అప్పుడిక కుమ్మక్కవడానికి రెండోవాడే మిగల్లేదు.

ఇప్పటి తెలుగులో కుమ్మక్కుకు ముగ్గురు కావాలి: చాటుగా చేతులు కలిపే ఇద్దరు, మునిగిపోయే మూడోవాడు. కాలువ శివారు రైతు అధికారి చుట్టూ పదిసార్లు తిరిగి కొత్త తూము మంజూరు చేయించుకుంటే అది పైరవీ. ఎగువ రైతు కాలువ కాపలా లస్కరుతో కలిసి రాత్రిపూట తూము తలుపు ఎత్తించుకుంటే అది కుమ్మక్కు. తెల్లారేసరికి ఎండేది శివారు చేను. పైరవీలో అడిగేవాడికి ఎదురుగా కాదనగలిగేవాడు ఒకడుంటాడు. కుమ్మక్కులో కాదనేవాడుండడు.

పైరవీలోని ‘పై’ కూడా మన ‘పై’ కాదు, పైవాళ్ళతో చేసే పని గనక పైరవీ అనుకోకండి. ఫార్సీలో పై అంటే అడుగు, రవ్ అంటే నడవడం. వెంట నడవడం, వ్యాజ్యం వెంటపడి నడిపించడం దాని అసలర్థం.

లాబీ అంటే చట్టసభ వసారా. అక్కడ సభ్యుణ్ణి ఆపి పని చెప్పుకోవడం లాబీయింగ్. అమెరికాలో 1995 చట్టం ప్రకారం పేరు నమోదు చేసుకుని, ఎవరి తరఫున, ఎంత సొమ్ముకి అని లెక్క దాఖలు చేయాలి. పరదేశ ప్రభుత్వాల తరఫువాళ్ళకి 1938 నుంచే వేరే చట్టముంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు, పని మాత్రం లెక్కాపత్రం లేకుండా చాటున జరుగుతూనే ఉంది. పైరవీకి ఆ చీకటి వాసన పట్టింది. కాబట్టి అమెరికా సంగతి రాసేటప్పుడు లాబీయింగే ఉంచండి. ఇక్కడి సంగతికి పైరవీ చాలు.

పైరవీయో కుమ్మక్కో తేలని ఉదాహరణ ఒకటుంది. 1952 భూసంస్కరణ చట్టం కింద మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశ ప్రభుత్వం, యునైటెడ్ ఫ్రూట్ అనే అమెరికా కంపెనీ బీడుభూములు తీసుకుంది. (అరటిపళ్ళ కంపెనీయే గానీ, రావులపాలెం గెలల బేరం కాదది.) పన్ను లెక్కల్లో కంపెనీ తానే చూపిన విలువ ప్రకారం 6,27,572 డాలర్లకు బాండ్లు ఇస్తామంది. 1954 ఏప్రిల్‌లో 1,58,54,849 డాలర్లు కట్టమని అడిగింది ఎవరనుకున్నారు? అమెరికా విదేశాంగ శాఖ! ఆ శాఖ మంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్ పూర్వం పనిచేసిన న్యాయవాద సంస్థకు ఈ కంపెనీ కక్షిదారు. జూన్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపించిన తిరుగుబాటుతో గ్వాటెమాలా అధ్యక్షుడు అర్బెంజ్ గద్దె దిగాడు. కంపెనీ కోసమా, కమ్యూనిజం భయంతోనా అని చరిత్రకారులు ఇంకా తర్జనభర్జన పడుతున్నారు. మొదటిదైతే కుమ్మక్కు, రెండోదైతే కాలం కలిసొచ్చిన పైరవీ. నేనైతే మొదటివైపే మొగ్గుతాను, అంతకుమించి చెప్పను.

మీరు చూసిన వార్తలో అసలు చిక్కు ‘తలొగ్గి’ దగ్గరుంది. తలొగ్గినవాడు కుమ్మక్కవడు, కుమ్మక్కైనవాడికి తలొగ్గే అవసరం రాదు. రెండూ ఒకే వార్తలో రాశారంటే విలేకరికే ఏ సంగతీ తేలలేదన్నమాట. ఇంకా నయం, ‘కంపెనీలతో’ అని విభక్తి సరిగ్గా వేశారు. ‘కంపెనీలకు కుమ్మక్కైంది’ అనే రాతలూ కనబడుతున్నాయి. ‘పరస్పరం కుమ్మక్కై’ అనడం మరీ వింత, ఒక్కడే ఎలా కుమ్మక్కవుతాడు? ‘లాబీయింగ్ చేయడం’లో చేయడం రెండుసార్లుంది, ఒకటి ఇంగ్లీషుది, ఒకటి మనది. అయితే ‘పార్కింగ్ చేయడం’ ఒప్పుకున్నాక దీన్నొక్కదాన్నే గుమ్మం దగ్గర ఆపలేం.