ఇల్లు అమ్మేటప్పుడు అద్దెదారుకు తొలి హక్కు: చట్టం సవరించే ముందు చూసుకోవాల్సినవి

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

అద్దె ఇల్లు అమ్మకానికి వస్తే అందులో ఉంటున్నవాళ్లకే ముందుగా కొనుక్కునే అవకాశం ఇచ్చే చట్టం ఉంది కదా, దాన్ని సవరించే కమిటీలో నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. ఇలాంటి కమిటీల్లో పొద్దంతా "ఈ హక్కు ఉండాలా, వద్దా" అన్న వాదనకే సరిపోతుంది. నువ్వందులో దిగకు. హక్కు ఉండి కూడా ఎవరికీ అక్కరకు రాకుండా పోయేది నిర్వచనాల దగ్గరా, గడువుల దగ్గరా. ముందు ఆ పేజీలు తియ్యి.

అమ్మకం అంటే ఏమిటో గట్టిగా రాయాలి. అమెరికాలోని వాషింగ్టన్ నగరంలో ఈ చట్టం 1980 నుంచి ఉంది. అక్కడ కొందరు యజమానులు భవనంలో 95 శాతం వాటా అమ్మేసి 5 శాతం తమ దగ్గరే ఉంచుకునేవారు. పూర్తిగా అమ్మలేదు కాబట్టి అద్దెదారులకు నోటీసు ఇవ్వక్కర్లేదని వాదన! 2005లో చట్టం మార్చి ఆ కంత పూడ్చారు. భవనం కంపెనీ పేరు మీద ఉంటే ఇంకో దారి ఉంది: భవనం జోలికి పోకుండా కంపెనీనే అమ్మేస్తారు. దస్తావేజులో పేరు మారదు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలియదు. అందుకని "పేరు మారితే" అని కాక "అజమాయిషీ చేతులు మారితే" అని రాయించు. విడతలవారీగా అమ్మిన వాటాలను కలిపి లెక్కగట్టాలనీ, చాలా దీర్ఘకాలపు లీజు కూడా అమ్మకమేననీ చేర్చు. వారసత్వం, విడాకుల పంపకం, సొంత పిల్లలకు ఇచ్చే కానుక, బ్యాంకు జప్తు: వీటికి మినహాయింపు ఇవ్వడం న్యాయమే. కానీ వాటిని పేరుపేరునా రాయాలి. "తదితర బదిలీలు" అన్న మాట చిత్తులో ఎక్కడ కనపడినా కొట్టెయ్.

ఇక గడువులు. రోజుల సంఖ్య మీద బేరాలాడే ముందు, ఆ రోజుల్లో అద్దెదారులు చేయాల్సిన పనులు వరసగా రాసుకో. నోటీసు అందాలి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాలి, సంఘం రిజిస్టరు చేయాలి, వకీలును పెట్టుకోవాలి, భవనం గట్టితనం ఇంజనీరు చేత చూపించాలి, విలువ కట్టించాలి, ఆ తరవాతే బ్యాంకు. ఒకటయ్యాకే ఇంకొకటి కదులుతుంది. ఇంగ్లండులో 1987 చట్టం ప్రకారం అర్హులైన ఫ్లాట్లవాళ్లు ఒప్పుకోవడానికే కనీసం రెండు నెలలు ఇవ్వాలి, అదీ సగానికి మించి ఒప్పుకోవాలి. వాషింగ్టన్‌లో అయిదు, అంతకంటే ఎక్కువ ఇళ్లున్న భవనాలకు అంచెలు కట్టారు: సంఘం ఏర్పడి నమోదు కావడానికి 45 రోజులు, బేరానికి 120, డబ్బు కట్టి ముగించడానికి మరో 120. అప్పిచ్చేవాళ్లు ఇంకా సమయం కావాలని రాసిస్తే ఆ చివరిది 240 దాకా పోతుంది. నన్నడిగితే, పెద్ద భవనాలకు ఈ అంచెల పద్ధతే మేలు. మొదటి అంచెలోనే ఎవరూ ముందుకు రాకపోతే యజమానిని వెంటనే వదిలెయ్యొచ్చు, అతనూ నెలల తరబడి కూర్చోనక్కర్లేదు. లెక్క మాత్రం నోటీసు పంపిన రోజు నుంచి కాక అందిన రోజు నుంచి మొదలవ్వాలి.

నోటీసులో ధర ఒక్కటే ఉంటే ఎవరూ కొనలేరు. ఏ బ్యాంకయినా ముందడిగేది భవనం రాబడీ ఖర్చులూ. ఇళ్లవారీ అద్దెల జాబితా, నెలవారీ నిర్వహణ ఖర్చు, నీళ్ల కరెంటు వాడకం, గడచిన రెండేళ్లలో చేయించిన పెద్ద మరమ్మతులు, ప్లాను: అద్దెదారులు అడిగిన వారంలోపల యజమాని ఇవన్నీ ఇవ్వాలని, ఆలస్యం చేసినన్ని రోజులూ గడువు పెరుగుతుందని రాయించు. ఆ రెండో ముక్క లేకపోతే మొదటిది దండగ.

ధర దగ్గర రెండు మోసాలు జరుగుతాయి. ఒకటి, కొనలేని ధర చెప్పడం. 2014లో వాషింగ్టన్‌లోనే, కూల్చాలనుకున్న 302 ఇళ్ల భవనానికి అద్దెదారులను 25 కోట్ల డాలర్లు అడిగారు. గొడవ కోర్టుకెక్కింది. బయటి కొనుగోలుదారు ఎవరూ లేనప్పుడు ధరను స్వతంత్ర వాల్యుయేషనే తేల్చాలి. రెండోది, అద్దెదారులకు ఎక్కువ చెప్పి, వాళ్లు కాదన్నాక బయటివాడికి తక్కువకు ఇవ్వడం. ధర 10 శాతానికి మించి తగ్గితే వాషింగ్టన్‌లో మళ్లీ మొదటి నుంచి నోటీసివ్వాలి. ఫ్రాన్సులో అయితే, అమ్మకం కోసం ఖాళీ చేయమన్న అద్దెదారుకు చెప్పినదానికన్నా మెరుగైన షరతులతో బయటివారికి అమ్మబోతే, అవే షరతులతో మళ్లీ అడగాలి. నెల రోజుల గడువుంటుంది. నాకు ఫ్రాన్సు పద్ధతే నచ్చుతుంది. శాతం పెడితే తొమ్మిదిన్నర దగ్గర ఆపేవాళ్లు ఉంటారు.

బయానాకు పరిమితి పెట్టు. అమ్మకం ధరలో 5 శాతం మించకూడదు, అద్దెదారుల తప్పు లేకుండా బేరం చెడితే వాపసు రావాలి.

హక్కును ఇంకొకరికి బదిలీ చేయడం మీద మీ కమిటీలో పెద్ద గొడవే అవుతుంది. ఒంటరి ఇళ్ల (ఒక్క కుటుంబమే ఉండే విడి ఇళ్ల) విషయంలో వాషింగ్టన్‌లో కొందరు కొనే ఉద్దేశం లేకుండానే ఈ హక్కును డబ్బుకు వదులుకున్నారు, అమ్మకాలు నెలలు నిలిచిపోయాయి. చివరికి 2018లో ఒంటరి ఇళ్లను చాలావరకు చట్టం నుంచి తప్పించి, అప్పటికే ఉంటున్న కొందరు వృద్ధులకూ వికలాంగులకూ మాత్రం పరిమితంగా ఉంచారు. అది చూసి బదిలీని మొత్తంగా నిషేధించమంటారు. ఒప్పుకోకు. పెద్ద భవనంలో చాలామందికి సొంతంగా కొనే స్తోమత ఉండదు. తక్కువ అద్దె ఇళ్లు కట్టే సంస్థకు హక్కు అప్పగించి, అద్దె పెరగకుండా చూసుకోవడమే వాళ్లకు దొరికే లాభం. బదిలీని భవనంలో ఉన్నవాళ్లలో అధికసంఖ్యాకులు ఓటు వేసి ఒప్పుకోవాలి, ప్రతిఫలం ఎంతో లిఖితంగా బయటపెట్టాలి, ఒంటరి ఇంటికి బదిలీ కుదరదు. ఈ మూడూ రాస్తే చాలు.

శిక్ష సంగతి. జరిమానా ఒక్కటే పెడితే దాన్ని అమ్మకం ఖర్చులో కలిపేసుకుంటారు. ఇంగ్లండులో నోటీసివ్వకుండా అమ్మడం 1996 నుంచి నేరం, పైగా కొన్నవాడి దగ్గర నుంచి అదే షరతులకు ఆస్తిని తమకు ఇప్పించుకునే వీలు అద్దెదారులకు ఉంది. నిజంగా భయపెట్టేది ఈ రెండోదే, ఎందుకంటే అప్పుడు కొనేవాడి వకీలే "నోటీసు రుజువేదీ?" అని ముందు అడుగుతాడు.

అగ్రిమెంటు అయిపోయి రిజిస్ట్రేషన్ కాని అమ్మకాలకు కొత్త నియమం వర్తిస్తుందో లేదో ఒక వాక్యంలో తేల్చి రాయండి, తేదీతో సహా. మీ చిత్తు తయారయ్యాక నిర్వచనాల పేజీ నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న